‘ట’ దగ్గర ఒకసారి, ‘వస్తాను’ దగ్గర ఒకసారి ఆగండి

ప్రశ్న: మాది కోనసీమ. డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. మా మేడం కవి పేరు చెప్పకుండా ఈ కవిత ఇచ్చి, వచ్చే వారం తరగతిలో పది నిమిషాలు వివరించమన్నారు.

రేవులో పడవ లేదిప్పుడు.
వంతెన కట్టారు కదా,
ఎవరైనా ఎప్పుడైనా దాటొచ్చు.

చివరి పడవకి రమ్మన్నావు.
దీపం పట్టుకుని నిలబడ్డావట
చమురు అయిపోయేదాకా.

ఇప్పుడు మీ ఇంటికి కరెంటు దీపాలట,
గుమ్మానికి మావిడాకులట.
మా ఊరి గన్నేరు మాత్రం
నువ్వు తుంచిన కొమ్మ దగ్గరే
రెండుగా చీలి పూస్తోంది.

వంతెన మీద సగందాకా వస్తాను రోజూ.
సగం దగ్గర నదికి చప్పుడుండదు.
వెనక్కి తిరిగితే
నా చేతిలో ఎప్పుడూ
వెలిగించని దీపం.

ముగ్గురం స్నేహితులం కూర్చుని చదివితే మూడు అర్థాలొచ్చాయి. ప్రేయసి చనిపోయిందని ఒకరు: దీపంలో చమురు అయిపోయింది, నది దాటింది, పైగా గన్నేరు విషం. ఆమె వేరే పెళ్లి చేసుకుని ఇతన్ని మోసం చేసిందని ఇంకొకరు. నాకేమో తప్పు ఈ చెప్తున్న మనిషిదే అనిపిస్తోంది, కానీ ఎందుకంటే చెప్పలేకపోతున్నాను. ఎవరిది సరైన అర్థం? ఇలాంటి కవితని అసలెలా చదవాలి?

సమాధానం: మీకు అనిపించిందే ఎక్కువ నిలుస్తుంది. అయితే కవిత మీద మీరు కూడా కాస్త ఎక్కువ భారం వేశారు, ఆ సంగతి తర్వాత. ఎందుకో చెప్పలేకపోవడానికి కారణం మాత్రం ఇది: ముగ్గురూ వస్తువుల వెంట పడ్డారు. దీపం, నది, గన్నేరు, మావిడాకులు. దీపమంటే ప్రాణం, నది అంటే జీవితం అని పక్కన రాసుకుంటూ పోయే అలవాటు గైడు పుస్తకాలు చేసినది. విరహ కవితలో ఏం జరిగిందో ముందు క్రియాపదాల చివర వెతకాలి. వస్తువుల జోలికి ఆ తర్వాతే.

మొదట కవితని మూడుసార్లు పైకి చదవండి, అర్థం గురించి ఆలోచించకుండా. తర్వాత దాన్ని మామూలు వాక్యాల్లోకి దించి రాయండి, ఒక్క అలంకారం లేకుండా, పక్కింటివాళ్లకి చెప్పినట్టు. ‘పడవ లేదు. వంతెన ఉంది. ఎవరైనా దాటవచ్చు. నువ్వు నన్ను రమ్మన్నావు. నువ్వు దీపం పట్టుకుని నిలబడ్డావని నాకెవరో చెప్పారు.’ చూశారా, ఐదో వాక్యానికి వచ్చేసరికి ‘నాకెవరో చెప్పారు’ అని రాయక తప్పలేదు. కవితలో ఆ మాటలు లేవు, ‘ట’ అన్న ఒక్క అక్షరం ఉంది. మనసులో చదువుకున్నప్పుడు అది జారిపోతుంది, కాగితం మీద పెట్టినప్పుడు పట్టుబడుతుంది. ఈ వచనం రాయడం చిన్నపిల్లల పనని చాలామంది దాటేస్తారు. తప్పుడు అర్థాల్లో ఎక్కువ భాగం అక్కడే పుడతాయి.

ఇప్పుడు ఆ ‘ట’ సంగతి. ‘రమ్మన్నావు’కి ‘ట’ లేదు. అంటే ఆ పిలుపు చెప్పే మనిషి తన చెవులతో విన్నదే. ‘నిలబడ్డావట’కి ఉంది. అంటే ఆ నిలబడటం తను చూడలేదు. రమ్మన్నది తెలుసు, నిలబడింది మాత్రం ఎవరో చెబితే తెలిసింది. ఈ రెండు పంక్తుల మధ్య కవి రాయకుండా వదిలిన వాక్యం ఒకటుంది: ‘నేను రాలేదు.’ కవిత మొత్తానికీ ముఖ్యమైన వాక్యం అదే. దాన్ని రాయకుండా ఒక ప్రత్యయంతో చెప్పించడంలోనే పనితనమంతా ఉంది. మీకు తప్పు ఈ మనిషిదే అనిపించడానికి ఆధారం ఇదే, మీ చెవి పట్టుకుంది, పేరు పెట్టలేకపోయారు.

ఒక జాగ్రత్త. ‘ట’ ప్రతిచోటా విన్న మాటకే రాదు. ‘పెద్ద గొప్పవాడట!’ అన్నప్పుడు అది వెక్కిరింత. ‘అనగనగా ఒక రాజుట’ అన్నప్పుడు కథనం. తేల్చుకోవాలంటే ‘ట’ తీసేసి ఆ స్థానంలో ‘అని ఎవరో చెప్పారు’ పెట్టి చూడండి, తర్వాత ‘అబ్బో’ పెట్టి చూడండి. ఐదో పంక్తిలో మొదటిదే సరిపోతుంది. ‘అబ్బో, చమురు అయిపోయేదాకా నిలబడ్డావు’ అంటే ఈ మనిషి మరీ దుర్మార్గుడైపోతాడు, మిగతా కవిత అందుకు ఒప్పుకోదు. ఏడు, ఎనిమిది పంక్తుల్లో మాత్రం రెండూ సరిపోతాయి. ‘కరెంటు దీపాలట, మావిడాకులట’ అనడంలో విన్న మాటా ఉంది, కొంచెం ఉడుకుమోత్తనమూ ఉంది. దాన్ని దాచాల్సిన పనిలేదు. విరహంలో అసూయ ఉండకూడదని ఎవరూ అనలేదు.

తర్వాత సర్వనామాలు. కవిత అంతటా ‘మనం’ అన్న మాట ఒక్కసారి కూడా లేదు. ‘మా ఊరి గన్నేరు’ అన్నారు, ‘మన ఊరి’ అనలేదు. తెలుగులో ఈ రెంటికీ ఉన్న తేడా ఎంత పదునైనదో తెలిసిందే: ‘మన’ అంటే వినేవాళ్లు లోపల, ‘మా’ అంటే వినేవాళ్లు బయట. కొమ్మ తుంచిన మనిషితో మాట్లాడుతూ ఆ చెట్టుని ‘మా’ అంటున్నారంటే, గీత గీయడం అయిపోయింది. ఇక్కడే ఇంకో సంగతి తెలుస్తుంది. చెట్టు ఇవతలి ఊళ్లో ఉంది, ‘నువ్వు’ అవతలి ఒడ్డు మనిషి. ఎప్పుడో ఒకసారి ఇటు వచ్చి కొమ్మ తుంచిన చెయ్యి అది. అంటే ‘నువ్వు’ నది దాటి వచ్చింది. ‘నేను’ దాటలేదు.

‘నువ్వు’ నుంచి ‘మీ ఇంటికి’ దగ్గరికి వచ్చేసరికి గౌరవం పెరిగింది, దూరమైపోయినందుకు గుర్తు అని తరగతిలో ఎవరైనా తప్పకుండా అంటారు. అది పొరపాటు. ‘నువ్వు’ అని పిలిచే మనిషితో కూడా మనం ‘మీ ఇల్లు, మీ ఊరు, మీ అమ్మ’ అనే అంటాం. అది ఇంటిల్లిపాదినీ కలుపుకున్న బహువచనం. పదో పంక్తిలో మళ్లీ ‘నువ్వు తుంచిన’ అనే వచ్చిందిగా. ఆ చనువు పోలేదు. పోకపోవడమే బాధ.

ఇక ‘వస్తాను’. మీరు తరగతిలో ఎక్కువసేపు ఆగాల్సిన మాట ఇది. పన్నెండో పంక్తి ‘సగందాకా వెళ్తాను’ అని కదా ఉండాలి? తన ఊరి నుంచి బయల్దేరి, సగం నడిచి, తిరిగి ఇంటికే పోయే మనిషి ‘వెళ్తాను’ అనాలి. ‘మీ ఇంటికి వస్తాను’ అన్నప్పుడు మనం వినేవాళ్ల చోటు నుంచి మాట్లాడతాం. అంటే ఈ మనిషి కాళ్లు ఇవతలి ఒడ్డున ఉన్నా, మాట మాత్రం అవతలి ఒడ్డు నుంచి వస్తోంది. ‘రమ్మన్నావు’కి జవాబు ‘వస్తాను’. ఎనిమిది పంక్తులు ఆలస్యంగా, ఎన్నేళ్లు ఆలస్యంగానో, అదీ సగం వరకే. కవితలో తాను చేశానని చెప్పుకున్న పని ఈ ఒక్కటే. పిలవడం, నిలబడటం, కొమ్మ తుంచడం, మూడూ ‘నువ్వు’ చేసినవి. ఎవరు ఎన్ని పనులు చేశారో కాగితం మీద రెండు వరసలుగా రాసి చూపించండి, మాటల్లో చెప్పేదానికన్నా త్వరగా అర్థమవుతుంది.

మీ ఉత్తరంలో ‘ప్రేయసి’, ‘ఇతన్ని’ అని రాశారు. ఎక్కడ దొరికాయి ఆ లింగాలు? తెలుగు క్రియ ‘నేను’ దగ్గరా ‘నువ్వు’ దగ్గరా ఆడా మగా చెప్పదు. ‘నిలబడ్డావు’ ఎవరికైనా ఒకటే, ‘వస్తాను’ ఎవరైనా అనొచ్చు. కవిత పొడవునా మూడో పురుషలో మనుషుల గురించి వచ్చిన క్రియ ‘కట్టారు’ ఒక్కటే, అది వంతెన కట్టినవాళ్ల గురించి. అలవాటు కొద్దీ చెప్పేది మగవాడని, ఎదురుచూసేది ఆడమనిషని అనుకున్నారు. ఆ అలవాటుకి మూలం ఉంది. అలంకారశాస్త్రం చెప్పిన ఎనిమిది రకాల నాయికల్లో, సంకేతస్థలానికి వెళ్లి నాయకుడు రాక వంచితురాలైన నాయికని ‘విప్రలబ్ధ’ అంటారు. క్షేత్రయ్య పదాలు చాలావరకు అలా ఎదురుచూసే స్త్రీ గొంతులోనే నడుస్తాయి. ఈ కవితలో దీపం పట్టుకుని నిలబడ్డ మనిషి విప్రలబ్ధ స్థానంలో ఉన్నారు. మాట్లాడుతున్నది మాత్రం రాని మనిషి. పాత బొమ్మనే అవతలి వైపు నుంచి గీశారన్నమాట.

ఇప్పుడు మార్చి చూడండి. నిలబడ్డది అతను, రానిది ఆమె అనుకోండి. రాత్రిపూట చివరి పడవకి ఇల్లు దాటి రేవుకి రావడం ఆమెకి ఎంత పనో! ఒక్కసారిగా ‘రాలేదు’ కాస్తా ‘రాలేకపోయింది’ అయిపోతుంది. వంచన అనుకున్నది నిర్బంధమవుతుంది. ఒక్క అక్షరం మారకుండా నింద మొత్తం జరిగిపోతుంది. అందుకే మీ అర్థంలో ‘తప్పు’ అన్న మాట దగ్గర జాగ్రత్త పడమంటున్నాను. రాలేదన్నది కవితలో ఉంది. ఎందుకు రాలేదన్నది లేదు. పిరికితనమా, ఇంట్లోవాళ్లా, జ్వరమా, పడవ తప్పిపోయిందా, కవి చెప్పలేదు. చెప్పనిది మనం నింపితే అది వ్యాఖ్యానం కాదు, కొత్త కవిత. తరగతిలో ‘అతను’, ‘ఆమె’ వాడకుండా ‘చెప్పే మనిషి’, ‘వినే మనిషి’ అనండి. మొదటి నిమిషం ఎబ్బెట్టుగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

చనిపోయిందన్న మొదటి వాదన చూద్దాం. ‘దీపం ఆరిపోయింది’ అని కవిత ఎక్కడా అనలేదు. ‘చమురు అయిపోయేదాకా’ అంది. అది చావు కాదు, కొలత. గడియారం లేనిచోట ఎంతసేపు నిలబడ్డారో చమురుతో చెప్పారు. గన్నేరు విషమన్న మాట నిజమే, కానీ కవితలో గన్నేరు చేసే పని పూయడం. తుంచినచోట కింది కణుపుల నుంచి కొత్త కొమ్మలు వేసి, వాటి కొసల్లో పూస్తుంది, పెంచినవాళ్లకి తెలుసు. కొమ్మ తుంచకపోతే అక్కడ ఒక్క కొమ్మే ఉండేది. గాయం అయినచోటే రెండింతలు పూస్తోందన్నది ఈ కవితలో ఉన్న ఒకే ఒక్క మెత్తని మాట, దాన్ని విషం చేసి పాడుచేయకండి. పైగా మావిడాకులు ఉన్నాయి. చావు జరిగిన ఇంట ఏడాది పాటు పండగలు చేయకపోవడం మన దగ్గర మామూలు. ఎప్పుడో చాలా ఏళ్ల కిందట చనిపోయి ఉండొచ్చు కదా అంటే, ఉండొచ్చు, కానీ కవితలో అలా అనుకోమని అడిగే మాట ఒక్కటీ లేదు. ‘వస్తాను’ అన్న మాట అవతల మనిషి ఉన్నారనే చెబుతోంది.

ఇది ఊరికే పట్టుదల కాదు, రసం, అంటే కవిత మనలో కలిగించే అనుభూతి, మారిపోతుంది. మళ్లీ కలవడానికి దారి ఉన్నంతవరకు అది విప్రలంభ శృంగారం, అంటే ఎడబాటులోని ప్రేమ. దాని స్థాయి, అంటే అడుగున నిలిచి ఉండే భావం, రతి (ప్రేమ). ఆశ పూర్తిగా తెగితే కరుణం, స్థాయి శోకం. ఈ కవితలో వంతెన ఉంది, రోజూ దాని మీదికి రావడం ఉంది, దారి ఇంకా తెరిచే ఉంది. కాబట్టి కరుణం కాదు. అయితే విప్రలంభంలో ఏ రకమని అడిగితే ఇబ్బందే. సాహిత్యదర్పణం అనే అలంకారగ్రంథం చెప్పిన నాలుగూ, పూర్వరాగం (కలవకముందు ప్రేమ), మానం (అలక), ప్రవాసం (ఒకరు దూరం వెళ్లడం), కరుణ విప్రలంభం (ఒకరు చనిపోయినా మళ్లీ కలుస్తామన్న ఆశ), వీటిలో దేనిలోనూ ఇది సరిగ్గా ఒదగదు. పిలిస్తే వెళ్లక, అవతలి జీవితం ముందుకు సాగిపోయాక మిగిలే ప్రేమకి ఆ పట్టికలో గది లేదు. తెలుగులో ఆ గది తెరిచింది ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చిన భావకవిత్వం. 1913లో వచ్చిన రాయప్రోలు సుబ్బారావు ‘తృణకంకణం’లో ప్రేమించిన అమ్మాయికి వేరొకరితో పెళ్లయిపోతుంది, ఆ తర్వాత ఆ ప్రేమ ఏమవుతుందన్నదే కావ్యం. మేడం శాస్త్రం అడిగితే ఈ ఒక్క పోలిక చాలు. నలభై పేర్లు చెప్పొద్దు.

పెళ్లి చేసుకుందన్న రెండో వాదన మొదటిదానికన్నా నయం, కానీ మావిడాకులు పెళ్లికే కట్టరు. ఉగాదికి కడతారు, గృహప్రవేశానికి కడతారు, వ్రతానికి కడతారు. ఆ గుమ్మంలో శుభం జరుగుతోందన్నంతవరకే కవిత సాక్ష్యం. ‘మోసం’ అన్న మాటకి అసలు చోటే లేదు. చమురు అయిపోయేదాకా నిలబడ్డ మనిషిని మోసం చేశారంటే ఎట్లా? అలా అన్నవారి చేత ఐదో పంక్తి ఇంకోసారి చదివించండి.

మొదటి మూడు పంక్తులు తేలిగ్గా కనిపిస్తాయి, అందుకే అందరూ దాటేస్తారు. ‘ఎవరైనా ఎప్పుడైనా దాటొచ్చు’ అన్న మాటకి పైకి ఉన్న అర్థం అనుమతి. లోపలి అర్థం దానికి తలకిందులు: ఎవరైనా దాటగలరు, నేను తప్ప. తొమ్మిదో శతాబ్దంలో ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వని (మాట వెనక స్ఫురించే అర్థం) గురించి చెబుతూ ఎత్తుకున్న ప్రాకృత గాథ మీ గోదావరి ఒడ్డుదే. పూలకోసం రోజూ పొదల్లోకి వచ్చే భక్తుడితో ఒకామె అంటుంది: నిశ్చింతగా తిరగవయ్యా, నిన్ను బెదిరించే కుక్కని గోదావరి ఒడ్డు పొదలో ఉండే సింహం ఇవాళ చంపేసింది. పైకి ‘తిరుగు’, లోపల ‘ఇటు రాకు’. అది తన ప్రియుణ్ని కలుసుకునే చోటు మరి. మన కవితలోనూ అంతే, ‘దాటొచ్చు’ అన్నది ‘దాటలేను’ అని వినిపించాలి. పడవ ఉన్నప్పుడు రాకపోవడానికి పడవ సాకు దొరికేది. వంతెన ఆ సాకు తీసేసింది. ఆ ‘కదా’లో ఉన్న చేదు అదే. చివరి పడవ అంటే ఏమిటో కోనసీమవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఆ రోజుకి ఆఖరి దాటింపు, తప్పితే తెల్లారేదాకా ఒడ్డునే. ఇక్కడ వంతెన రాకముందు రేవులో నడిచిన ఆఖరిది కూడా కావచ్చు, రెండూ ఉంచుకోండి.

ఇప్పుడిక వస్తువుల దగ్గరికి వెళ్లొచ్చు. దీపాలు మూడున్నాయి. ఒకటి ఎదురుచూపులో చమురంతా ఖర్చుచేసుకుంది. ఇంకోటి చమురుతో పనిలేని కరెంటు దీపం, దాని కింద ఎవరూ ఎవరికోసమూ చమురు కొలుచుకోరు. మూడోది వెలిగించనే లేదు. ‘ఆరిన దీపం’ కాదు, ‘వెలిగించని దీపం’. మొదటిదైతే పోగొట్టుకున్న ప్రేమ. రెండోదైతే మొదలుపెట్టే ధైర్యం చేయని ప్రేమ. కవి రెండోదాన్ని ఎంచుకున్నారు. ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే దీపానికి ఈ కవితలో ఉన్న అర్థం దానంతటదే బయటపడుతుంది, ప్రాణమనో ఆత్మ అనో బయటి నుంచి తెచ్చుకోనక్కర్లేదు.

చివరి రెండు పంక్తుల్లో విరుపు చూడండి. ‘ఎప్పుడూ’ అన్న మాట మన భాషలో రెండు తలలది. ‘ఎప్పుడూ ఉంటుంది’ అంటే సదా, ‘ఎప్పుడూ వెలిగించని’ అంటే ఒక్కనాడూ కాదు. పంక్తి ‘ఎప్పుడూ’ దగ్గర విరిచేసరికి అది పైకీ అంటుకుంది, కిందికీ అంటుకుంది. నా చేతిలో ఎప్పుడూ ఉంటుంది, ఎప్పుడూ వెలిగించలేదు. చదివేటప్పుడు ‘ఎప్పుడూ’ తర్వాత ఒక్క ఊపిరి ఆగండి. ఆగకుండా చదివితే రెండో అర్థమే వినిపిస్తుంది, ఎక్కువసేపు ఆగితే నాటకమవుతుంది. పదమూడో పంక్తిని, నడిమధ్య నదికి చప్పుడుండదన్నదాన్ని, వివరించకండి. ఒడ్డున నీటి చప్పుడు ఉంటుంది, మధ్యలో ఉండదు, అంతే. అక్కడ ఆ మనిషికి ఏ ఒడ్డూ వినపడదు. ఇంతకుమించి చెబితే చెడుతుంది.

పది నిమిషాలు ఇలా పంచుకోండి. ఒక నిమిషం కవిత చదవడానికి. పదహారు పంక్తులు నెమ్మదిగా చదివితే అంతే పడుతుంది. రెండు నిమిషాలు మీరు రాసుకున్న వచనం. నాలుగు నిమిషాలు ‘ట’, ‘మా’, ‘వస్తాను’, ఈ మూడింటికే. ఒక నిమిషం మీ స్నేహితులిద్దరి అర్థాలకి, ఎక్కడ ఆధారం చాలలేదో మాత్రమే చెప్పి, వెక్కిరించకుండా. ఒక నిమిషం చివరి దీపానికి. ఆఖరి నిమిషంలో కవిత మళ్లీ చదవండి. మొదటిసారి విన్నప్పుడు ‘నిలబడ్డావట’ దగ్గర కదలని తలలు ఈసారి కదులుతాయి. బోర్డు మీద రాయాల్సింది ‘రమ్మన్నావు – నిలబడ్డావట – వస్తాను’, ఇంకేమీ వద్దు. ‘కవి ఎంతో ఆవేదన చెందాడు’ అన్న వాక్యం మీ నోట రాకూడదు. కవి ఎవరో మీకు తెలియదు, కవితలో ఏడుపు అన్న మాటే లేదు.

ఎవరో ఒకరు లేచి ‘మరి ఆ రాత్రి ఎందుకు రాలేదు?’ అని అడుగుతారు. నాలుగో పంక్తికీ ఐదో పంక్తికీ మధ్య వేలు పెట్టి చూపించి, ‘ఇక్కడ రాయలేదు’ అనండి.